పెట్టుడు మందు ఎవరు పెట్టారు?

మా పెదనాయనకు నెమ్మదస్తుడని పేరు. ఉదయగిరి దారిలో ఉన్న మా ఊళ్లో గట్టు తగాదా వస్తే ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. అలాంటి మనిషి డెబ్బై దాటాక ఒక వేసవిలో మారిపోయాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే చాలు, ముఖం పాలిపోయి చెమటలు పట్టేవి. ఎదురుగా ఎవరుంటే వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఒకరోజు అన్నం కంచాన్ని గోడకేసి కొట్టాడు. సాయంత్రానికి మళ్లీ మామూలు మనిషి. మధ్యాహ్నం ఇలా చేశావని చెబితే "నేనా?" అని బిత్తరపోయేవాడు.

"మీ పెదనాయన ఆ మనిషే కాదు మే. ఎవురో మందు పెట్టుండారు" అని పెద్దమ్మ ఫోన్లో ఏడ్చింది.

మందు పెట్టారంటే ఆ వేలు ఎవరో ఒకరి మీదికి తిరుగుతుంది. ఆ ఇంట్లో వండి వడ్డించేది రెండో కోడలు. అందరూ ఆమెనే అనుమానించారు. కనిగిరి వైపు పసరు తాగించి పెట్టుడు మందు కక్కించే మనిషి ఉన్నాడంటే పెదనాయనను అక్కడికి తీసుకెళ్లారు. వాంతిలోంచి ఏదో నల్లటి ముద్ద తీసి చూపించి "ఇదే" అన్నాడట. ఇంటికొచ్చిన నాలుగో రోజు కంచం మళ్లీ గోడకు తగిలింది.

నేను ఫార్మసీ చదివి కావలిలో పదకొండేళ్లుగా మందుల షాపు చూసుకుంటున్నాను. ఆ ఆదివారం షుగర్ చూసే మిషన్ సంచిలో వేసుకుని ఊరికి వెళ్లాను. పన్నెండున్నరకు, ఆయన అరుస్తుండగానే, వేలు గుచ్చి చూస్తే 52 వచ్చింది. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటలో అరుపులు ఆగిపోయాయి. ఇంకో పది నిమిషాలకు "ఎప్పుడొచ్చావు మే?" అని నన్ను అడిగాడు.

నాలుగు నెలల కిందట ఆయన వేసుకునే షుగర్ బిళ్ల గ్లిమిపిరైడ్ మోతాదు రెండింతలు చేశారు. కిడ్నీలు అప్పటికే కాస్త నెమ్మదించాయి కాబట్టి ఆ మందు ఒంట్లోంచి త్వరగా బయటికి పోవడం లేదు. ఎండలకు ఆకలి తగ్గి పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టేవాడు. బిళ్ల మాత్రం తప్పకుండా వేసుకునేవాడు. మందు నిజంగానే పెట్టారు, కానీ అది చీటీ మీద రాసి ఇచ్చిన మందు.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు. అది వాడుకునే శక్తి మాత్రం మొత్తంలో ఐదో వంతు. మిగతా అవయవాల్లా కొవ్వు కరిగించుకుని గడుపుకోవడం దానికి పెద్దగా చేతకాదు, రక్తంలో వచ్చే చక్కెర మీదే బతుకుతుంది. ఆ చక్కెర పడిపోగానే ఒళ్లు ఆపద వచ్చిందనుకుని అడ్రినలిన్ వదులుతుంది. చెమట, వణుకు, గుండెదడ అందుకే. అదే సమయంలో ఆలోచించి ఆగే శక్తి తగ్గిపోతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది కోపంగానే కనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం ఇంధనం అయిపోవడం.

మన భాషలో మందు అనే మాటకు ఎన్ని అర్థాలో చూడండి. జబ్బుకు వేసుకునేది మందు. తాగేది మందు. మనిషిని మార్చడానికి అన్నంలో కలిపారని అనుమానించేదీ మందే. లోపలికి పోయిన పదార్థం మనసును మార్చగలదని మన పెద్దలకు బాగా తెలుసు. పొరపాటల్లా ఏ పదార్థమో వెతక్కుండా ఏ మనిషో వెతకడంలో ఉంది. ఆ వెతుకులాట చాలాసార్లు ఇంటి కోడలి దగ్గరే ఆగిపోతుంది. ఈ వ్యాసం ఆ పదార్థాల గురించి.

ముకుతాడు

కోపం పుట్టే చోటు, కోపాన్ని ఆపే చోటు మెదడులో ఒకటి కావు. బెదురు, పౌరుషం, ఎదురుదాడి లాంటివి లోపలి భాగాల్లో క్షణంలో లేస్తాయి. నుదురు వెనకున్న భాగం వాటిని ఆపి, "ఆగు, ఎదురుగా ఎవరున్నారో చూడు, రేపటి సంగతి చూడు" అంటుంది. ఒంగోలు గిత్తను చూసినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. అంత బలమున్న పశువు పిల్లవాడి వెనక నడవడానికి కారణం ముకుతాడు. కొన్ని పదార్థాలు గిత్తను బెదరగొడతాయి, కొన్ని ముకుతాడును వదులు చేస్తాయి, కొన్ని రెండూ చేస్తాయి. సెరటోనిన్, డోపమైన్ లాంటి రసాయనాలు ఈ పనిలో వార్తలు మోసేవి. వాటిని ఒళ్లు తినే తిండిలోంచే తయారు చేసుకుంటుంది, కాబట్టి తిండికీ మనసుకూ సంబంధం ఉండటంలో వింత లేదు. ఎంత సంబంధం, ఎవరిలో, ఎంత కాలానికి అన్నదే తేల్చుకోవలసింది.

సారా, దూబగుంట, చిన్న ప్రయోగం

మద్యం ముకుతాడును వదులు చేసే పదార్థం. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉత్సాహపరిచే గ్లూటమేట్ పనిని తగ్గిస్తుంది. అంటే మెదడును మందగింపజేయాలి. కానీ ముందుగా మందగించేది ఆపే భాగమే. చూపు కూడా ఇరుకైపోతుంది. ఎదురుగా ఉన్న ఒక్క మాట, ఒక్క చూపు పెద్దదై, దాని చుట్టూ ఉన్నవి కనపడవు. మామూలప్పుడు నవ్వి వదిలేసే మాట తాగినప్పుడు తగాదా అవుతుంది.

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. 1975లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కొందరికి వోడ్కా కలిపిన పానీయం, కొందరికి ఉత్త పానీయం ఇచ్చారు. అందులో మద్యం ఉందని కొందరికి, లేదని కొందరికి చెప్పారు. చెప్పిన మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. తర్వాత ఎదుటి వాళ్లకు కరెంటు షాకు ఇచ్చే అవకాశం ఇస్తే, మద్యం తాగామని నమ్మినవాళ్లు గట్టి షాకులు ఇచ్చారు. లోపలికి నిజంగా మద్యం పోయిందా లేదా అన్నది అక్కడ పెద్ద తేడా చూపలేదు. తర్వాత వచ్చిన చాలా పరిశోధనలు కలిపి చూస్తే మద్యానికీ సొంతంగా దూకుడు పెంచే గుణం ఉందని తేలింది. అయినా ఆ ప్రయోగం చూపించిన సంగతి చెరిగిపోలేదు. తాగితే కొట్టినా చెల్లుతుందని మనిషి ముందే నేర్చుకుని ఉంటాడు.

దీన్ని మన ఊళ్లలో ప్రయోగం అక్కర్లేకుండానే చూశాం. తాగి ఇంట్లో భార్యను కొట్టినవాడు, దారిలో ఎదురుపడిన ఎస్సైకి మాత్రం నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. ఎవరి మీద చెయ్యెత్తవచ్చో, ఎవరి మీద ఎత్తకూడదో ఆ మత్తులోనూ తెలుసు. అందుకే "తాగిన మైకంలో కొట్టాడు, మనిషి మంచోడే" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మైకం సంగతి నిజమే, కానీ దెబ్బ ఎటు పోవాలో చెప్పింది మైకం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే దేశం మొత్తం మీద ఇచ్చిన లెక్క ఇది. తరచూ తాగి మైకంలో ఉండే భర్తలున్న స్త్రీలలో నూటికి 70 మంది శారీరక హింసో లైంగిక హింసో చవిచూశారు. అసలు తాగని భర్తలున్న స్త్రీలలో నూటికి 23 మంది. ఆ రెండు అంకెలూ కలిపి చదవాలి. మద్యం హింసను ఎంత పెంచుతుందో మొదటిది చెబుతుంది. మద్యం లేకుండానే ఎంత హింస ఉందో రెండోది చెబుతుంది.

ఈ సంగతి నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు ఏ సర్వే చెప్పకముందే తెలుసు. 1991లో జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు మొదలయ్యాయి. పగలు కూలికి పోయి రాత్రి పలక పట్టిన ఆడవాళ్లు పాఠంలో సారా కథ చదివారు, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి స్త్రీలు 1992లో ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు.

ఆ ఉద్యమాన్ని మద్యం మీద పోరాటంగానే చెప్పుకుంటాం. నేను దాన్ని తిండి మీద పోరాటంగా కూడా చూస్తాను. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతే ఇంటికి బియ్యం రావు. తాగినవాడు తినడు, తినకుండా తాగినవాడికి మత్తు త్వరగా ఎక్కుతుంది. ఇంట్లో ఉన్న కాస్తా పిల్లలకు పెట్టి తల్లి పస్తుంటుంది. అక్కడ కోపం ముగ్గురికీ ఉంటుంది. ఒకరిది మత్తు నుంచి, ఒకరిది ఆకలి నుంచి, ఒకరిది భయం నుంచి.

షాపులో కూర్చుని చూసిన ఇంకో రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు తాగడం. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు రక్తంలో చక్కెరను నిలబెట్టేది కాలేయం. మద్యం ఆ పనిని అడ్డుకుంటుంది. చక్కెర పడిపోయి మనిషి తూలుతూ తిడుతుంటే, నోట్లో వాసన వస్తుంది కాబట్టి "తాగి పడ్డాడు, పొద్దున్నే లేస్తాడులే" అని వదిలేస్తారు. లేవకపోవచ్చు. అనుమానం వస్తే వేలు గుచ్చి చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండోది, రోజూ బాగా తాగేవాడు ఉన్నపళంగా మానేయడం. మాల వేసుకున్నప్పుడో, ఒట్టు పెట్టించినప్పుడో జరుగుతుంది ఇది. ఏళ్ల తరబడి మద్యం అణచిపెట్టిన మెదడు ఒక్కసారిగా విడుదలై ఎగసిపడుతుంది. మొదటి రోజే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ప్రతిదానికీ చిరాకు. కొందరికి రెండో రోజు, మూడో రోజు నాటికి లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ఎదుటి వాళ్లు చంపడానికి వచ్చారనుకుని మీదపడతారు. దాన్ని దేవుడి ఆగ్రహమనుకుని గుడి చుట్టూ తిప్పే కుటుంబాలున్నాయి. ప్రాణం మీదికి వచ్చే స్థితి అది. మానాలనుకోవడం చాలా మంచి నిర్ణయం, దాన్ని డాక్టర్ చేతుల్లో చేయాలి.

నెల్లూరులో పుట్టిన మనిషి, బియ్యం మీది పొర

ఆ స్థితిలో ఆసుపత్రికి వెళితే తప్పకుండా ఇచ్చే వాటిలో బి1 విటమిన్, అంటే థయామిన్, ఒకటి. తాగేవాళ్లలో అది అడుగంటి ఉంటుంది. సరిగా తినరు, తిన్నది కూడా ఒంటికి పట్టదు. మరీ తగ్గితే అయోమయం, నడకలో తూలడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం వస్తాయి. చికిత్స ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగిరాకుండా పోతుంది.

ఈ విటమిన్ కథకు మన జిల్లాతో ఒక చుట్టరికం ఉంది. 1890లలో జావాలో పనిచేసిన డచ్ డాక్టర్ ఐక్మన్, బాగా తెల్లగా పట్టించిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోతున్నాయని గమనించాడు. మనుషుల్లో బెరిబెరి జబ్బుకు దారి చూపిన పరిశీలన అది. 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. బియ్యం మీది తవుడు పొరలో ఉన్న ఆ పదార్థం నిర్మాణం ఏమిటో తేల్చి, 1936లో మొదటిసారి ప్రయోగశాలలో తయారు చేసినవాడు రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. ఆయన 1886లో పుట్టింది నెల్లూరులో. తల్లిదండ్రులు ఇక్కడ బాప్టిస్టు మిషనరీలు. 1910లో మనీలాలో మొదలుపెట్టిన పనికి పాతికేళ్లు పట్టింది. వరి గింజ మీద ఇంత పనిచేసిన మనిషి మన ఊళ్లో పుట్టాడని బడిలో ఎవరూ నాకు చెప్పలేదు.

బి1 తగ్గితే నరాలు, గుండె పాడవుతాయని అందరూ చెబుతారు. దానికంటే ముందే మనసు చెడుతుంది. 1940 ప్రాంతంలో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు కొందరికి మిగతావన్నీ సరిగా పెట్టి థయామిన్ మాత్రం తగ్గించిన ఆహారం ఇచ్చి చూశారు. వారాలు గడిచేకొద్దీ వాళ్లు చిరాకుపడటం, పోట్లాడుకోవడం, దిగులుపడటం మొదలైంది. విటమిన్ తిరిగి ఇవ్వగానే కుదుటపడ్డారు.

మొలగొలుకుల అన్నం గొప్పలు చెప్పుకునే నేల మనది. ఇప్పుడు బియ్యం ఎంత తెల్లగా ఉంటే అంత మర్యాద. మిల్లులో తవుడంతా పోతుంది, కడిగిన నీళ్లలో కొంత పోతుంది, గంజి వారిస్తే మిగిలిందీ చాలావరకు పోతుంది. ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ గింజ లోపలికి ఇంకి నిలబడుతుంది, కానీ వాటి వాసన మనకు గిట్టదు. పప్పు, వేరుశనగ, గుడ్డు, చేప రోజూ తినే ఇంట్లో ఇది పెద్ద సమస్య కాదు. పచ్చడి మెతుకులతో, మజ్జిగ నీళ్లతో గడిచే ఇంట్లో ఆలోచించవలసిందే. ఎసరు సరిగ్గా పోసి గంజి వార్చకుండా వండుకోవడానికి అదనపు ఖర్చేమీ లేదు.

మెట్ట ప్రాంతం కథ వేరు. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు ఒకప్పుడు జొన్న, సజ్జ, రాగే తిండి. జొన్న మంచిదే, కానీ ఏళ్ల తరబడి జొన్న ఒక్కటే, పక్కన పప్పూ పాలూ లేకుండా తింటే ఏమవుతుందో హైదరాబాద్‌లో ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో వివరించారు. దక్కను జొన్న ప్రాంతాల పేదల్లో పెల్లగ్రా అనే జబ్బు కనిపించేది. బి3 విటమిన్ లోపం అది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొట్టు రేగుతుంది, విరేచనాలు పడతాయి, మతి చలిస్తుంది. మతి చలించడానికి ముందు నిద్రలేమి, చిరాకు, దిగులు ఉంటాయి. చర్మం చూసి జబ్బనుకుంటారు, చిరాకును మాత్రం గుణమనుకుంటారు.

గుణం అనుకుని వదిలేసే వాటిలో మొదటిది రక్తహీనత. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తం తక్కువ. రక్తం తక్కువ అనగానే ఆయాసం, నీరసం అంటాం. ఇనుము పని రక్తానికే పరిమితం కాదు. డోపమైన్ తయారు కావడానికి మెదడుకు ఇనుము కావాలి. అది తక్కువైతే అలసట, విసుగు, ఏకాగ్రత లేకపోవడం, రాత్రిపూట కాళ్లలో నిలవనివ్వని పీకులాట, దాంతో నిద్ర లేకపోవడం వస్తాయి. నా షాపుకు వచ్చే ఆడవాళ్ల గురించి ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే ఉంటుంది, "ఎప్పుడూ కసురుతానే ఉంటాది." రక్తం చూపిస్తే ఏడో, ఎనిమిదో. పన్నెండు ఉండాలి. ఆ ఒంటితో నీళ్లు మోసి, కల్లంలో పనిచేసి, పిల్లల్ని చూసుకుని, పైగా మెత్తగా మాట్లాడమంటే ఎలా? కసురుకునే మనిషికి సుద్దులు చెప్పేముందు రక్త పరీక్ష చేయించాలని నేను గట్టిగా అంటాను.

ఇనుము బిళ్ల టీతో వేసుకుంటే సగం వృథా. టీకి, బిళ్లకు కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మరసం తోడైతే ఒంటికి బాగా పడుతుంది. రేషన్ బియ్యంలో అక్కడక్కడా కాస్త వేరుగా కనిపించిన గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపిన ఆ గింజల్లో ఉన్నది ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12. చాట పట్టుకుని మరీ ఏరి కోళ్లకు వేస్తుంటే చూసి నాకు బాధేసింది.

జైలులో విటమిన్లు

తిండి సరిచేస్తే దూకుడు తగ్గుతుందా అని నేరుగా పరీక్షించినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో ఎయిల్స్‌బరీ అనే చోట యువ ఖైదీల జైలులో 231 మంది మీద బెర్నార్డ్ గెష్ బృందం ప్రయోగం చేసి 2002లో ప్రచురించింది. సగం మందికి విటమిన్లు, ఖనిజాలు, మంచి కొవ్వులున్న మాత్రలు, మిగతా సగానికి ఏమీ లేని ఉత్త మాత్రలు. ఎవరికి ఏది వెళుతుందో ఖైదీలకూ కాపలావాళ్లకూ తెలియదు. అసలు మాత్రలు తీసుకున్నవాళ్లు జైలు నియమాలు ఉల్లంఘించడం ఉత్త మాత్రల వాళ్లకంటే 26 శాతం తక్కువ. నెదర్లాండ్స్‌లో 221 మంది మీద మళ్లీ చేసి 2010లో ప్రకటిస్తే, నమోదైన గొడవలు తగ్గాయి. కానీ "నీకు కోపం ఎంతుంది?" అని అడిగి నింపించిన ప్రశ్నపత్రాల్లో తేడా రాలేదు. మార్పు చేతల్లో కనిపించింది, చెప్పుకున్న మాటల్లో కనిపించలేదు.

వీటిని అర్థం చేసుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. లోపం ఉన్నవాడికి లోపం తీరిస్తే మేలు. లోపం లేనివాడు విటమిన్ డబ్బాలు మింగితే శాంతమూర్తి అయిపోడు.

మారిషస్‌లో 1,795 మంది పిల్లల్ని మూడేళ్ల వయసు నుంచి గమనించిన పరిశోధన నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. మూడేళ్లప్పుడు పోషకాహార లోపం గుర్తులున్న పిల్లలు 8, 11, 17 ఏళ్ల వయసుల్లో మిగతా పిల్లలకంటే ఎక్కువ దుడుకుగా కనిపించారు. అంగన్‌వాడీలో ఒక గుడ్డు తగ్గడం పదిహేనేళ్ల తర్వాత ఊరి ప్రశాంతతను తాకవచ్చని నాకు అర్థమైంది. తల్లిదండ్రుల చదువు, పేదరికం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది.

ఒమేగా-3 కొవ్వుల మీద ఎన్నో ప్రయోగాలు జరిగాయి. కలిపి చూస్తే దూకుడు తగ్గించడంలో వాటి ప్రభావం ఉంది, కానీ చిన్నదే. మనకు డబ్బాలో మాత్రలు కొనే పని లేదు. కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపల్లో అవి బాగా ఉంటాయి, పైగా చవక. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో గంపలకొద్దీ దొరికే వీటిని పేదల చేపలని చిన్నచూపు చూసి, చేపల పులుసంటే కొరమేను, బొమ్మిడాయిలే అంటాం. మామిడికాయ ముక్కలు వేసి కానాగంతల పులుసు పెట్టి చూడండి, మరుసటి రోజుకు ఇంకా బాగుంటుంది.

కారం తింటే కోపం వస్తుందా?

"ఉప్పూ కారం తింటున్నావా?" అని పౌరుషం రెచ్చగొట్టడానికి అడుగుతాం. మిరపలోని కారపు పదార్థం నోట్లో మంటను గుర్తించే నరాలను తాకుతుంది. చెమట పడుతుంది, కాసేపటికి హాయిగా కూడా ఉంటుంది. కారం తినేవాళ్లు ఎక్కువ కొట్లాడతారనడానికి ఆధారం లేదు. మాంసం తింటే క్రూరత్వం వస్తుందన్న మాటా అంతే. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో సాత్త్విక, రాజస, తామస ఆహారాల విభజన ఉంది. ఎవరికి ఏ రుచులు ఇష్టమో చెప్పే చోటు అది. పక్కింటివాళ్ల గుణాన్ని వాళ్ల కూర గిన్నె చూసి తేల్చడానికి దాన్ని వాడుకోవడం అన్యాయం.

పంచదార తింటే పిల్లలు రెచ్చిపోతారన్నదీ నిలవలేదు. 1995లో 23 ప్రయోగాలను కలిపి చూస్తే ప్రభావం కనిపించలేదు. పుట్టినరోజు నాడు పిల్లలు గంతులేస్తే అది కేకు వల్ల కాదు, పండగ వల్ల. రంగుల విషయంలో మాత్రం కాస్త ఆగాలి. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు టార్ట్రాజైన్ లాంటి కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం తాగిన పిల్లల్లో చంచలత్వం కొద్దిగా పెరిగిందని చూపించారు. ఆ తర్వాత ఐరోపాలో ఆ రంగులున్న సరుకు మీద హెచ్చరిక రాయాలని నియమం వచ్చింది.

చీటీ మీది మందులు

మా పెదనాయన సంగతి ఒక్క షుగర్ బిళ్లలతో అయిపోయేది కాదు. నేను రోజూ చేత్తో ఇచ్చే మందుల్లో మనసును కదిపేవి చాలా ఉన్నాయి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు ప్రాణాలు కాపాడతాయి. కానీ మోతాదు పెరిగేకొద్దీ నిద్రలేమి, హుషారు, చిరాకు, కొందరిలో ఉన్మాదం వస్తాయి. రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు తీసుకున్నవాళ్లలో నూటికి ఒకరిద్దరికి, 80 దాటినవాళ్లలో నూటికి 18 మందికి మానసిక లక్షణాలు వచ్చాయని 1972లోనే లెక్క కట్టారు. ఊళ్లలో కీళ్లనొప్పులకు పొట్లం కట్టి ఇచ్చే రంగు బిళ్లల్లో ఇవి ఉంటాయన్నది తినేవాళ్లకు తెలియదు. నెలల తరబడి తిని ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదం.

ఫిట్స్‌కు ఇచ్చే లెవెటిరాసిటమ్ చాలా మంచి మందు, కొందరిని మాత్రం ముక్కుమీద కోపం మనిషిగా మారుస్తుంది. ఉబ్బసానికి, తుమ్ములకు ఇచ్చే మాంటెలుకాస్ట్ వల్ల పిల్లల్లో పీడకలలు, రెచ్చిపోవడం కనిపించవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో పెద్ద హెచ్చరిక పెట్టింది. నిద్రకు వేసుకునే ఆల్ప్రజోలమ్ ఎక్కువమందిని శాంతపరుస్తుంది. కొద్దిమందిలో, ముఖ్యంగా మద్యంతో కలిస్తే, మద్యంలాగే ముకుతాడు వదిలేస్తుంది. అలవాటయ్యాక ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ముసలివాళ్లకు జలుబు బిళ్లలు, మగత తెప్పించే సిరప్‌లు అయోమయం తెస్తాయి.

ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో, రోజూ పొద్దున్నే గ్యాస్ బిళ్ల మింగేవాళ్లలో బి12 తగ్గుతుంది. తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు, దిగులు, కొందరికి లేనిపోని అనుమానాలు దాని వల్ల రావచ్చు. పాలు తప్ప జంతు సంబంధమైనవి ముట్టని ఇళ్లలో ఇది ఇంకా తొందరగా వస్తుంది.

ఇవి చదివి ఎవరూ మందు మానేయకూడదు. గుణం మారిన తేదీని, కొత్త మందు మొదలుపెట్టిన తేదీని, మోతాదు మారిన తేదీని ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని డాక్టర్‌కు చూపించండి. పెదనాయన ఇంట్లో ఆ కాగితం ఉండి ఉంటే పసరు వైద్యం దాకా వెళ్లేవాళ్లం కాదు.

గంజాయి, పొగాకు

గంజాయి మత్తులో మనిషి సాధారణంగా మందకొడిగా ఉంటాడు. అందుకే "ఏం చేయదులే" అంటారు కుర్రాళ్లు. ఘాటు పెరిగేకొద్దీ, చిన్న వయసులో మొదలుపెట్టేకొద్దీ, వంశంలో మానసిక జబ్బు ఉంటే మరీను, అనుమానాలు, చెవిలో మాటలు వినపడటం లాంటివి వచ్చే ప్రమాదం ఎక్కువ. తనను వెంటాడుతున్నారని నమ్మినవాడు తిరగబడతాడు. రోజూ తాగేవాడు మానేస్తే మొదటి వారం చిరాకు, కోపం, నిద్రలేమి తప్పవు. ఇంట్లో ఆ వారాన్ని అర్థం చేసుకునేవాళ్లు ఉండాలి.

పొగాకు గురించి ప్రకాశం జిల్లావాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మధ్య పెరిగిన నేల. "చుట్ట పడందే బుర్ర పనిచేయదు, కోపమొస్తాది" అంటారు. ఆ కోపం పొగాకు తీర్చేది కాదు, పొగాకు తెచ్చిందే. నికోటిన్ దిగిపోగానే చిరాకు వస్తుంది, తర్వాతి చుట్ట ఆ చిరాకును తీరుస్తుంది. మానిన రెండో రోజు, మూడో రోజు ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతుంది. 26 పరిశోధనలను కలిపి 2014లో చూస్తే, మానినవాళ్లలో ఆందోళన, దిగులు, టెన్షన్ మానకముందు కంటే తగ్గాయి. గుట్కా, ఖైనీలకూ ఇదే సూత్రం.

కారణం వేరు, క్షమాపణ వేరు

ఇంత చెప్పాక ఒకరు అడగవచ్చు. కొట్టినవాడి తప్పేమీ లేదా, తప్పంతా రసాయనాలదేనా? చట్టం దీన్ని చాలా కాలం కిందటే తేల్చింది. తనకు తెలియకుండానో బలవంతంగానో మత్తు ఎక్కించబడి, చేస్తున్నదేమిటో తెలియని స్థితిలో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 23వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తనంతట తాను తాగినవాడికి 24వ సెక్షన్ ప్రకారం తాగనివాడికి ఉండే తెలివిడే ఉన్నట్టు లెక్క. పాత శిక్షాస్మృతిలోని 85, 86 సెక్షన్లే ఇవి. నాకు ఈ విభజన న్యాయంగా తోస్తుంది. 52 దగ్గర అరిచిన పెదనాయనను నేను తప్పుపట్టను. రోజూ సాయంత్రం తానే నడిచి వెళ్లి తాగొచ్చేవాడికి ఆ మినహాయింపు ఇవ్వను. అతనికి చికిత్స కావాలి. చికిత్స మొదలయ్యేదాకా ఇంట్లోవాళ్లకు రక్షణ కావాలి. మనసు సంగతులకు 14416, మత్తు మానడానికి 14446, గంజాయి సమాచారానికి 1972, ఇంట్లో దెబ్బలకు 181. ఈ నాలుగు నంబర్లూ నా షాపు అద్దం మీద రాసిపెట్టాను. 181 ఎవరైనా చదువుతుంటే నేను తల తిప్పుకుంటాను, చూస్తే రాసుకోరు.

పెదనాయనకు ఆ బిళ్ల మార్చారు. పదకొండింటికి మజ్జిగా, నాలుగు వేరుశనగ పప్పులో రెండు బిస్కెట్లో, పన్నెండింటికల్లా అన్నం. ఆ వేసవి తర్వాత ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. పెద్దమ్మ కోడలి చేతులు పట్టుకుని ఏడ్చింది కూడా.

ఆ నాలుగు నెలల్లో మా వదినకు ఒక అలవాటైంది. మామగారికి కంచం పెట్టేముందు అందులోంచి ఒక ముద్ద తీసుకుని అందరి ముందూ తాను తినేది, ఏమీ కలపలేదని చూపించడానికి. ఇప్పుడు అలా చేయమని ఎవరూ అడగడం లేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. పెదనాయన చేయి కడుక్కుని వచ్చి కూర్చునేలోగా, గోడ వైపు తిరిగి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అప్పుడు కంచం తెచ్చి పెట్టింది.